పెంపుడు ఎలుకల ఎక్కిళ్ళు: అరవై రోజుల కొలతల డైరీ

మా ఇంట్లో మూడు ఎలుకలు ఉన్నాయి. గవ్వ, మిరియం తొమ్మిది వారాల పిల్లలు. జీడి వయసు పద్నాలుగు నెలలు. మూడూ ఆడవే. మూడింటికీ అప్పుడప్పుడు ఒళ్ళంతా ఎగిరిపడినట్టు కుదుపులు వస్తున్నాయి. చూడటానికి అవి మన ఎక్కిళ్ళలాగే ఉన్నా చప్పుడు మాత్రం వినిపించదు. ఇవి వదిలేయదగ్గవా, ఊపిరితిత్తుల జబ్బుకు తొలి గుర్తా అన్నది తేల్చుకోవడానికి హైదరాబాద్‌లోని మా ఇంట్లో నవంబరు మూడో వారం నుంచి జనవరి నడుమ వరకు రాసుకున్న లెక్కలు ఇవి. ఎలుకలను పెంచేవారు ఇదే పనిని మళ్ళీ చేసుకోగలగాలని, నేను చేజార్చుకున్న రోజులను వారు చేజార్చుకోకూడదని ఇక్కడ పెడుతున్నాను. మందుల మోతాదులు కావాలనే రాయలేదు. అవి ఎలుక బరువును బట్టి, జబ్బును బట్టి వైద్యులు నిర్ణయించవలసినవి.

మొదటి దశ: పనిముట్లు, తొలి లెక్క (1–7 రోజులు)

కొన్న వస్తువులు ఇవి.

1. ఒక గ్రాము వరకు చూపే వంటింటి డిజిటల్ కాటా: రూ. 450
2. గది వేడిమి, గాలిలో తేమ చూపే చిన్న మీటరు: రూ. 350
3. నోట్లు సరిచూసే అతినీలలోహిత టార్చి: రూ. 250
4. ఎర్ర లిట్మస్ కాగితాల పుస్తకం: రూ. 60

ఇప్పటివరకు ఖర్చు: రూ. 1,110.

తూకం వేయడానికి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాకు గాలి రంధ్రాలు పెట్టి, దాన్ని కాటా మీద ఉంచి సున్నా చేసి, ఆ తరువాత ఎలుకను అందులోకి దించాను. గిన్నెలో కూర్చోబెడితే అవి ఒక్క క్షణం నిలవవు, అంకె పైకీ కిందికీ పోతూనే ఉంటుంది. రోజూ ఒకే వేళకు, మేత పెట్టకముందు తూచాలి. మొదటి రోజు బరువులు: గవ్వ 172 గ్రాములు, మిరియం 165, జీడి 318.

కుదుపు కనిపించిన ప్రతిసారీ నోటు పుస్తకంలో వేళ, ఎలుక పేరు, అప్పుడు అది చేస్తున్న పని రాశాను. ఏడు రోజుల మొత్తం 19 సార్లు: గవ్వ 11, జీడి 5, మిరియం 3.

ఈ అంకెలు చూసి నేను గవ్వ గురించి బెంగపడ్డాను, జీడిని పట్టించుకోలేదు. ఈ పని మొత్తంలో పెద్ద పొరపాటు ఇదే. అందుకే దీన్ని ముందుగా చెబుతున్నాను: ఎక్కిళ్ళు ఎన్నిసార్లు వచ్చాయన్న లెక్క ఒక్కటీ దేన్నీ చెప్పదు.

రెండో దశ: వీడియో తీయడం (8–16 రోజులు)

కంటితో చూసి రాసిన దాన్ని మళ్ళీ సరిచూసుకునే వీలు లేదు కాబట్టి, ఫోనులో సెకనుకు 240 చిత్రాలు తీసే స్లో మోషన్ వాడాలని అనుకున్నాను. మొదటి నాలుగు రోజుల వీడియోలు ఎందుకూ పనికిరాలేదు. ఎలుకలకు ఎరుపు వెలుగు సరిగా కనబడదు కనుక వాటిని కదిలించకుండా చూడవచ్చని రాత్రిపూట ఎర్ర బల్బు పెట్టాను. ఆ కాస్త వెలుగులో చిత్రమంతా ఇసుక చల్లినట్టు గరుకుగా వచ్చింది. దాన్ని తీసేసి గదిలో మామూలు ఎల్‌ఈడీ దీపం వేస్తే, 50 హెర్ట్జ్‌ల కరెంటుతో వెలిగే ఆ దీపం సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది కనుక, స్లో మోషన్‌లో వెలుగూ చీకటీ పట్టీలుగా పాకుతూ డొక్కల కదలికను కప్పేశాయి. చివరికి పంజరాన్ని ఉదయం ఏడు గంటలకు తూర్పు కిటికీ దగ్గరకు, ఎండ నేరుగా పడనిచోటికి జరిపి పగటి వెలుగులో తీశాను. అప్పుడు ఒక్కొక్క వెంట్రుక కనిపించింది.

16వ రోజుకు మొత్తం 41 కుదుపులు: గవ్వ 22, జీడి 14, మిరియం 5. నోటు పుస్తకంలో మాత్రమే ఉన్న తొలి రోజుల కుదుపులను పక్కన రాసుకున్న వివరాలను బట్టి, తక్కినవాటిని వీడియోలను బట్టి మళ్ళీ విడదీశాను. అన్నీ ఎక్కిళ్ళు కావని అప్పుడు తెలిసింది.

గాఢంగా కలలు కనే నిద్రలో మీసాలు, పాదాలు, ఒక్కోసారి భుజాలు అదిరిపడతాయి. అలాంటివి 6 (గవ్వ 4, మిరియం 2). ఒళ్ళు నిమిరినప్పుడు హాయిగా పళ్ళు నూరుకుంటూ కనుగుడ్లను ముందుకీ వెనక్కీ ఆడించడం ఎలుకల అలవాటు. తొలిసారి చూసేవారికి అది మూర్ఛలాగే తోస్తుంది. అలాంటివి 3, మూడూ గవ్వవే. ఇంకొకటి మిరియానికి 14వ రోజున పొలమారడం. దాన్ని కాస్త వివరంగా చెప్పాలి.

పల్లీ ఉండలోంచి గోరంత ముక్క విరిచి పెట్టాను. రెండు నిమిషాలకు మిరియం మూలకు పోయి, గడ్డాన్ని గుండెకు అదిమిపెట్టుకుని, మెడను ముందుకు తోస్తూ కుదుపుకోసాగింది. మూతి కింద బొచ్చు తడిసి నురగ కనిపించింది. ముందు కాళ్ళతో నోటిని గీరుకుంటోంది. ఎలుకలు వాంతి చేసుకోలేవు. అందుకే గొంతులో అడ్డుపడినదాన్ని చొంగ ఊరించి, మెడ కండరాలతో మెల్లగా కదిలించుకోవడం తప్ప వాటికి వేరే దారి లేదు. పక్కనున్న అమ్మ, "ఎవరో తలుచుకుంటున్నారే దాన్ని" అంటూనే మేత గిన్నె, నీళ్ళ సీసా బయటికి తీసేసింది. ఆ క్షణంలో చేయవలసిన పని అదే. దాన్ని తల్లకిందులు చేయడం, నోట్లో నీళ్ళు పోయడం లాంటివి ఏవీ చేయలేదు. ముక్కుతో ఊపిరి ఆడుతోందా లేదా అన్నది మాత్రం కనిపెట్టుకుని కూర్చున్నాము. ఇరవై రెండు నిమిషాలకు తేరుకుంది. ఊపిరి ఆడకపోతే మాత్రం ఇలా వేచి చూడకూడదు, వెంటనే వైద్యుల దగ్గరకు పరుగెత్తాలి. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎలుకలకు పల్లీ ఉండ, బెల్లం పాకం తగిలినవి, మెత్తని చపాతీ ముద్ద పెట్టడం మానేశాము.

ఏరివేయగా మిగిలినవి 31: గవ్వ 15, జీడి 14, మిరియం 2.

గవ్వ కుదుపులు పదిహేనూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఆవురావురుమని తిన్నాకగానీ, మిరియంతో కుస్తీ పట్టాకగానీ మొదలవుతాయి. రెండు మూడు సెకన్లకొకసారి, గడియారం కొట్టినంత క్రమంగా పొట్ట లోపలికి గుంజుకుంటుంది, తల చిన్నగా ఎగురుతుంది. ఒకటి నుంచి నాలుగు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. ఆ మధ్యలో కూడా గవ్వ తింటూనే, మొహం కడుక్కుంటూనే ఉంటుంది. ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొర, అంటే విభాజక పటలం, ఒక్కసారిగా బిగుసుకుని, లోపలికి దూసుకొచ్చే గాలికి గొంతులోని గాలి ద్వారం, అంటే కంఠబిలం, టక్కున మూసుకోవడమే ఎక్కిలి. ఎదిగే వయసు ఎలుక పిల్లల్లో ఇది తరచుగా కనిపించేదే.

జీడివి పద్నాలుగింటిలో మూడే ఇలాంటివి. మిగతా పదకొండింటికి క్రమం లేదు. పడుకుని ఉన్నప్పుడు, తుమ్ముల వరస తరువాత, ఊపిరి లాగిన ప్రతి రెండో మూడో సారికి పక్కటెముకల దగ్గర ఒక కుదుపు. వీడియో వేగం తగ్గించి చూస్తే కుదుపుకు ముందు ముక్కుపుటాలు విప్పారడం, తల కొంచెం పైకెత్తడం కనిపిస్తున్నాయి. అది ఎక్కిలి కాదు. గాలి కోసం పడే ప్రయాస.

మూడో దశ: నిద్రలో ఊపిరి లెక్క (9–17 రోజులు)

వీడియో పనితో పాటే దీన్నీ మొదలుపెట్టాను. నిలకడగా ఉన్న పెద్ద ఎలుక నిమిషానికి సుమారు 70 నుంచి 115 సార్లు ఊపిరి తీస్తుంది. మొదటి ప్రయత్నంలో గవ్వకు 300 దాటిన అంకె వచ్చింది. మెలకువగా ఉన్న ఎలుక వాసన పట్టేటప్పుడు సెకనుకు అయిదారు సార్లకు మించి ముక్కు ఎగబీలుస్తుంది, నేను లెక్కపెట్టింది దాన్ని. రెండో ప్రయత్నంలో నిద్రపోతున్నప్పుడే చూసినా, ఆ వేగం కంటికి అందక ఒకే నిద్రలో 84, 110, 97 అని మూడు అంకెలు వచ్చాయి. చివరకు కుదిరిన పద్ధతి ఇది.

1. ఉదయం పది నుంచి పన్నెండు మధ్య, ఎలుకలు మత్తుగా నిద్రపోయే వేళ ఎంచుకోవాలి.
2. మీసాలు, పాదాలు అదురుతుంటే ఆగాలి. ఆ నిద్రలో ఊపిరి క్రమం తప్పుతుంది.
3. డొక్క కనిపించేలా సెకనుకు 120 చిత్రాల చొప్పున 30 సెకన్లు తీయాలి.
4. దాన్ని నాలుగో వంతు వేగంతో ఆడిస్తే రెండు నిమిషాలు వస్తుంది. డొక్క ఉబ్బిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత గీయాలి.
5. గీతలను రెండుతో గుణించాలి. ఇలా మూడు వీడియోలు తీసి, నడిమి అంకెను రాసుకోవాలి.

9వ రోజు: గవ్వ 104, మిరియం 100, జీడి 92.
17వ రోజు: గవ్వ 100, మిరియం 104, జీడి 118.

ముందురోజు తూకంలో జీడి 304 గ్రాములు ఉంది. అంటే 14 గ్రాములు తగ్గింది. గవ్వ, మిరియం మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. ఎక్కిళ్ళ పట్టికలో అన్నిటికంటే పైనున్న గవ్వ ఆరోగ్యంగా ఉందని, దాని కిందనున్న జీడి జబ్బు పడుతోందని ఈ రెండు అంకెలూ కలిసి చెప్పాయి. అయినా నేను వెంటనే వైద్యుల దగ్గరకు వెళ్ళలేదు. పంజరంలో ఏదైనా మారిస్తే సరిపోతుందేమోనని మరో అయిదు రోజులు తీసుకున్నాను. ఎలుకకు అయిదు రోజులు చాలా పెద్ద కాలం. ఎవరూ ఇలా ఆగవద్దు. పంజరం పని, వైద్యం పని ఒకేసారి జరగాలి.

నాలుగో దశ: పొట్టు, గాలి, అమ్మోనియా (18–22 రోజులు)

పంజరం అడుగున వడ్రంగి దుకాణం నుంచి ఉచితంగా తెచ్చిన రంపపు పొట్టు పరిచేదాన్ని. ఒక గుప్పెడు తీసుకుని నల్ల గుడ్డ మీద ఎత్తునుంచి వదిలితే, బరకగా ఉన్నది కింద పడ్డాక కూడా గుడ్డ మీద పిండి చల్లినట్టు సన్నని దుమ్ము పేరుకుంది. ఎలుక ముక్కు ఆ దుమ్ముకు అంగుళం దూరంలో ఉంటుంది. ఏ చెక్క పొట్టో తెలియకపోవడం మరో చిక్కు. దేవదారు, పైన్ జాతుల పొట్టులోంచి వచ్చే ఘాటైన ఆవిర్లు ఎలుకల ఊపిరి దారిని, కాలేయాన్ని ఇబ్బంది పెడతాయి. చెప్పుకోవడానికి బాధగా ఉన్నా, ఉచితంగా దొరికిందని ఆ ప్రశ్న నేను వేసుకోలేదు.

దానికి బదులు పాత తువ్వాళ్ళు పరిచాను. ఒక్క పూటలో తడిసి వాసన వచ్చాయి. పైగా వాటి పోగుల్లో మిరియం గోరు చిక్కుకుంది. వార్తాపత్రికల చీలికలు వేస్తే సిరా అంటుకుని గవ్వ తెల్ల పొట్ట బూడిద రంగుకు తిరిగింది. చివరికి అచ్చు లేని అట్టపెట్టెలను పెద్ద కత్తెరతో (రూ. 180) వేలెడు ముక్కలుగా కత్తిరించి, నాలుగు వేళ్ళ మందాన పరిచాను. దుమ్ము లేదు, పీల్చుకుంటుంది. మూడు రోజులకొకసారి అంతా మార్చాలి, అవి మూత్రం పోసే మూలను రోజూ తీసేయాలి.

ఇప్పటివరకు ఖర్చు: రూ. 1,290.

దుమ్ము కంటే పెద్ద కారణం వేరే ఉంది. 10వ రోజు నుంచి రాత్రిళ్ళు చలి ముదరడంతో నేను కిటికీలు మూసి, పంజరానికి మూడు వైపులా దుప్పటి కప్పుతున్నాను. మూత్రంలోని యూరియా విడిపోయి తయారయ్యే అమ్మోనియా ఆ దుప్పటి లోపలే నిలిచిపోతుంది. జీడి ఊపిరి లెక్క 92 నుంచి 118కి పెరిగింది సరిగ్గా ఈ రోజుల్లోనే.

దీన్ని పసుపు కాగితంతో కనిపెట్టవచ్చని అమ్మ చెప్పింది. పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టిన కాగితాన్ని తడిపి పంజరంలో వేలాడదీశాము. తెల్లవారేదాకా పసుపుగానే ఉంది. తడిసిన పొట్టుకు నేరుగా తాకిస్తే మాత్రం ఎర్రబడింది. గాలిలో ఉన్న కొద్దిపాటి అమ్మోనియాకు ఆ కాగితం చాలలేదు. తడిపిన ఎర్ర లిట్మస్ పని చేసింది. దుప్పటి కప్పి ఉండగా, అడుగు నుంచి రెండు అంగుళాల ఎత్తులో పెట్టిన కాగితం 20 నిమిషాల్లో నీలంగా మారింది. దుప్పటి తీసి, అడుగంతా కడిగి, కొత్త అట్టముక్కలు వేశాక రెండు గంటలైనా మారలేదు. నిలబడి వాసన చూస్తే నాకు ఏమీ తెలియలేదు. మోకాళ్ళ మీద కూర్చుని మొహాన్ని పంజరం అడుగు దాకా వంచితే కళ్ళు మండాయి. జీడి పన్నెండు రాత్రులు పీల్చిన గాలి అది.

మార్చినవి: దుప్పటి ఒకవైపు మాత్రమే, అదీ కిటికీ వైపు. చలికి దూది లేని గుడ్డ సంచి ఒకటి పంజరంలోనే వేలాడదీశాను, మూడూ అందులో దూరి ఒకదాని మీద ఒకటి పడుకుంటున్నాయి. గది వేడిమి 20 డిగ్రీలకు తగ్గకుండా చూస్తున్నాను.

అయిదో దశ: వైద్యం (23–45 రోజులు)

23వ రోజు: జీడి ఊపిరి 138, బరువు 289. అంటే 29 గ్రాములు, తన బరువులో దాదాపు పదకొండో వంతు పోయింది. ముక్కు చుట్టూ ఎర్రని మరక. రక్తమని కంగారు పడ్డాను. తడి దూదితో తుడిచి, ఎలుకకు దూరంగా తీసుకెళ్ళి, చీకటి గదిలో అతినీలలోహిత టార్చి కింద పెట్టాను. సరిపోల్చడానికి నా వేలి రక్తపు చుక్కను మరో దూది మీద ఉంచాను. నా రక్తం నల్లగా ఉండిపోయింది. జీడి దూది మాత్రం గులాబీ రంగులో నిప్పుకణికలా వెలిగింది. అది పార్ఫిరిన్. కళ్ళ వెనకనున్న హార్డేరియన్ గ్రంథి స్రవించే పదార్థం. ఆరోగ్యంగా ఉన్న ఎలుక దాన్ని ఎప్పటికప్పుడు కడిగేసుకుంటుంది. ఒత్తిడిలోనో జబ్బులోనో స్రావం ఎక్కువై, ఒళ్ళు శుభ్రం చేసుకోవడం తక్కువై మరకగా మిగులుతుంది. రక్తం కాదని ఊరట పడవచ్చు కానీ, ఆ మరకను మాత్రం వదిలేయకూడదు.

వెళ్ళిన మొదటి క్లినిక్‌లో ఎలుకలను చూడబోమని చెప్పి పంపేశారు. ఆ రోజు పోయింది. 24వ రోజున కుందేళ్ళు, పక్షులు, ఎలుకలు చూసే ఒక డాక్టరమ్మ దొరికారు. చిన్న స్టెతస్కోపు పెట్టి విన్నారు, ఎక్స్‌రే తీశారు. నా వీడియోలు, ఊపిరి పట్టిక పది నిమిషాలు చూశారు. "ఎక్కిళ్ళ వీడియో కంటే ఈ నిద్ర అంకెలే నాకు ఎక్కువ పనికొచ్చాయమ్మా" అన్నారు.

ఆమె చెప్పింది ఇది. మైకోప్లాస్మా పల్మోనిస్ అనే సూక్ష్మజీవి పెంపుడు ఎలుకల్లో చాలా వాటిలో తల్లి నుంచే చేరి నిద్రాణంగా ఉంటుంది. వయసు, దుమ్ము, అమ్మోనియా తోడైనప్పుడు అది ఊపిరితిత్తులకు దిగుతుంది. మందులతో అణచవచ్చు, పూర్తిగా పోగొట్టలేము. మిగతా రెండింటి నుంచి జీడిని విడదీయవద్దన్నారు. కలిసే పెరిగాయి కాబట్టి అంటవలసింది ఎప్పుడో అంటి ఉంటుంది, ఒంటరితనం మాత్రం కొత్త దెబ్బ అవుతుంది. ఎలుకలు ముక్కుతోనే ఊపిరి తీస్తాయి. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, చెవులూ పాదాలూ నీలిరంగుకు తిరిగినా, రాత్రయినా సరే రమ్మన్నారు.

డాక్సీసైక్లిన్, ఎన్రోఫ్లాక్సాసిన్ కలిపి 21 రోజులకు రాశారు. నేను పెరుగన్నంలో కలిపి పెడదామని అనుకున్నాను. పెరుగులోని కాల్షియం ఈ రెండు మందులనూ పట్టేసి ఒంటికి పట్టనివ్వదని ఆమె ముందే వారించారు. శెనగగింజంత అరటిపండు గుజ్జులో కలిపి, చెంచా చివరన పెట్టి, విడిగా కూర్చోబెట్టి తినిపించాను. గిన్నెలో పెడితే గవ్వ లాక్కుపోతుంది.

ఫీజు రూ. 700, ఎక్స్‌రే రూ. 900, మందులు రూ. 640. ఇప్పటివరకు ఖర్చు: రూ. 3,530.

మందు మొదలుపెట్టిన తరువాత జీడి లెక్కలు:

4వ రోజు: ఊపిరి 126, బరువు 287
9వ రోజు: ఊపిరి 108, బరువు 294
21వ రోజు: ఊపిరి 96, బరువు 305

తొమ్మిదో రోజున జీడి ఆటలు మొదలుపెట్టింది. మందు ఆపవచ్చేమోనన్న ఆలోచన నాకు అప్పుడే వచ్చింది, ఆపలేదు.

ఆరో దశ: తిరిగి చూసుకోవడం (46–60 రోజులు)

మరోసారి చూపించుకున్నందుకు రూ. 400. మొత్తం ఖర్చు: రూ. 3,930.

పొట్టు మార్చడం వల్ల గవ్వ ఎక్కిళ్ళు ఆగుతాయని నేను అనుకున్నాను. ఆగలేదు. పొట్టు మార్చిన వారంలో కూడా అవి 6 సార్లు వచ్చాయి. ఆ తరువాత వారాల్లో 5, 3, 3, చివరి వారం 1. వయసు పెరిగేకొద్దీ వాటంతట అవే తగ్గాయి. ఈ రెండు నెలల్లో దాని నిద్ర ఊపిరి ఒక్కసారి కూడా 108 దాటలేదు, బరువు 172 నుంచి 258కి చేరింది.

జీడికి మందు ముగిసిన తరువాత పదిహేను రోజుల్లో రెండే కుదుపులు, రెండూ తిన్న వెంటనే, క్రమంగా వచ్చి ఆగినవి. ఇప్పుడు మేము రోజూ చేస్తున్న పరీక్ష ఒకటి ఉంది. ఎలుకను అరచేతిలో పట్టుకుని, ఫోను పెట్టుకున్నట్టు దాని పక్కటెముకలను చెవికి ఆనించి, అరనిమిషం వినాలి. ఆరోగ్యంగా ఉంటే వడివడిగా కొట్టుకునే గుండె తప్ప మరేమీ వినిపించదు. జబ్బు ముదిరినప్పుడు జీడిలో సన్నని పిల్లికూతలు, తడి కాగితం నలిపినట్టు చిటపటలు వినిపించాయి. వాటిని మొదట పట్టింది నేను కాదు, అమ్మ.

60వ రోజు: జీడి ఊపిరి 98, బరువు 306. అమ్మ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని విని, "ఈ వేళ గుండె ఒక్కటేనే" అంది. ఇక మీద ఊపిరి లెక్క వారానికి రెండుసార్లు, తూకం సోమ, గురువారాల్లో. 115 దాటితేగానీ, వారంలో 10 గ్రాములు తగ్గితేగానీ, ఎక్కిళ్ళు ఉన్నా లేకపోయినా అదే రోజు డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాలని పంజరం పైన అట్టముక్క మీద రాసి కట్టాను.